సున్నాకు చేరిన వ్యాన్: చేపపిల్లలతో మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో ముందే చెప్పేస్తాను. కొందరు శామీర్‌పేటకు చెరువు చూడాలని వెళ్తారు, కొందరు జింకల పార్కు కోసం వెళ్తారు. నేను మా సడ్డకుడి మీద కుళ్ళుతో వెళ్ళాను. మా వైపు సడ్డకుడంటే తోడల్లుడు. మా ఆవిడ అనితకు అక్క కవిత, ఆమె భర్త లక్ష్మణ్. కౌకూర్‌లో ఉంటాడు. అతనికి పదేళ్ళ పాత డీజిల్ వ్యాన్ ఒకటుంది. దాని తెల్లరంగు ఎప్పుడో పోయి గంజిరంగు మిగిలింది, ఎడమ తలుపు రెండుసార్లు వేస్తే గాని పడదు. అయినా మా అత్తగారింట్లో పెళ్ళికీ పురుడుకూ ఆసుపత్రికీ ఆ బండే కావాలి. "లక్ష్మణ్ బండి ఉంటె నిమ్మలం బిడ్డా" అని మా అత్తమ్మ అన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఎందుకంటే నాకూ బండి ఉంది. దానికంటే కొత్తది, దానికంటే పెద్దది, ఏసీ కూడా ఉంది. ఆ నిమ్మలం, అంటే నిశ్చింత, మాత్రం దాంట్లో లేదట.

నాది పన్నెండు సీట్ల డీజిల్ వ్యాన్. దూలపల్లిలో చిన్నచిన్న కంపెనీల మనుషుల్నీ సరుకునూ తిప్పుతాను, వీలున్న ఆదివారాల్లో చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఇక్కడ రాస్తుంటాను. ఇప్పుడొచ్చే చాలా డీజిల్ వ్యాన్లలో, పెద్ద కార్లలో డీజిల్ ట్యాంకు కాక ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. పొగలో ఉండే విషాన్ని తగ్గించడానికి అందులో నీళ్ళలాంటి ద్రవం పోయాలి. బకెట్ మీద డీఈఎఫ్ అని రాసి ఉంటుంది, డ్రైవర్లందరూ యూరియా అంటారు. అది అయిపోయినా, కల్తీదైనా బండి ఒప్పుకోదు. డాష్‌బోర్డు మీద దీపం వెలిగి, ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోతే ఆ తర్వాత స్టార్ట్ కానని ఒక అంకె చూపిస్తుంది. అప్పట్నుంచీ ఆ అంకె తగ్గుతూ వస్తుంది. లక్ష్మణ్ పాత బండికి ఈ గోల ఏమీ లేదు.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం మా అత్తమ్మ ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. నా బండిలో ఆ ద్రవం అయిపోవచ్చింది, బకెట్ పద్నాలుగు వందలు చెప్పారని నోరు జారి అన్నాను. లక్ష్మణ్ అన్నం కలుపుకుంటూ, "నా బండికి డీజిల్ వోస్తె సాలు తమ్మీ. నీ బండికి మందు గూడ తాపియ్యాలె గద!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకేం, అనిత కూడా నవ్వింది. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఆమె వైపు చూశాను, అయినా నవ్వు ఆపలేదు.

ఆ భోజనాల దగ్గరే అసలు సంగతి వచ్చింది. మా బామ్మర్ది ప్రవీణ్ కొరియర్ కంపెనీలో ఉద్యోగం మానేసి, శామీర్‌పేట అవతల ఒక కుంటను ఏడాదికి కౌలుకు తీసుకున్నాడు. చేపలు పెంచుతాడట. వాళ్ళ పెదనాయన కొడుకులు ఎగతాళి చేస్తున్నారు, పిల్లనివ్వాలనుకున్న వాళ్ళు కూడా ఈ సీజన్ పంట చూశాక మాట్లాడదామన్నారు. మేడ్చల్ అవతల గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే ఒక హేచరీలో చేపపిల్లలు మాట్లాడుకున్నాడు, అది వాళ్ళ దగ్గర ఆఖరి విడత. అవి చస్తే ఈ ఏడాది ఇంక లేనట్టే. "లక్ష్మణ్ బావా, నీ బండి జర..." అని ప్రవీణ్ మొదలుపెట్టాడో లేదో, నేను మధ్యలో దూరాను. "నా బండి ఉండంగ గా డొక్కు బండెందుకురా? ఏసీల తీస్కపోదం నీ పిల్లలను" అన్నాను. ప్రవీణ్ లక్ష్మణ్ వైపు చూశాడు. లక్ష్మణ్ సరేనన్నట్టు తలూపాడు. గెలిచినట్టు అనిపించింది నాకు.

ఇంక నేను చేసిన ఘనకార్యం వినండి. బకెట్ మీద ఏముందా అని చదివితే యూరియా, శుద్ధమైన నీళ్ళు అంతే. ఓస్, ఇంతేనా అనుకున్నాను. నీళ్ళలో చేపల మేత పెరగడానికి వేయాలని ప్రవీణ్ కుంట దగ్గర గుడిసెలో యూరియా బస్తా ఒకటి పెట్టాడు. రైతులు పొలాల్లో చల్లేదే. వాణ్ణి చూడ్డానికి వెళ్ళినట్టు వెళ్ళి, చెప్పకుండా నాలుగు డబ్బాలు సంచిలో పోసుకొచ్చాను. బ్యాటరీలో పోసే నీళ్ళు కొని, పాత నీలం బకెట్లో కలిపి, పాత బనీను గుడ్డతో వడగట్టి ట్యాంకు నింపాను. మిగిలిన ద్రవాన్ని అదే బకెట్లో మూతపెట్టి వెనక సీటు కింద ఉంచాను. పైన సన్నటి నూనె పొర తేలింది, వేపకాయల వాసన కూడా వచ్చింది. పట్టించుకోలేదు. వచ్చే ఆదివారం భోజనాల దగ్గర "నా బండికి గూడ ఖర్చేం లేదన్నా" అని లక్ష్మణ్ మొహం మీద అనాలన్న ఆత్రమే తప్ప నాకు ఇంకేం కనబడలేదు. నాలుగో రోజు దీపం వెలిగింది. దాని పక్కన వెయ్యి అన్న అంకె కనిపించింది. తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్తే ఏం పోశావని అడుగుతాడు, ఆ సంగతి ఎలాగో లక్ష్మణ్ చెవిన పడుతుంది. అందుకని వెళ్ళలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. వెయ్యి ఆరువందలైంది, మూడువందలైంది. చేపపిల్లల్ని తేవాల్సిన రోజు పొద్దున అరవై నాలుగు మిగిలింది.

రాత్రే లెక్క వేసుకున్నాను. దూలపల్లి నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ పదహారు కిలోమీటర్లు, అక్కడి నుంచి హేచరీ పన్నెండు. వెనక్కి మేడ్చల్ వచ్చి శామీర్‌పేటకు మొత్తం ఇరవై ఎనిమిది, కుంటకు ఇంకో ఆరు. అంతా కలిపి అరవై రెండు. ఇంకా రెండు కిలోమీటర్లు మిగులుతాయి! పిల్లల్ని దింపేశాక బండి ఏమైతే అదే అవుతుందిలే అనుకున్నాను. పొద్దున ఆరున్నరకు ప్రవీణ్, అతనితో పాటు లక్ష్మణ్ బైకు మీద దిగారు. లక్ష్మణ్ ఎందుకని ప్రవీణ్‌ని పక్కకు పిలిచి అడిగాను. "హేచరీ ఆయన లక్ష్మణ్ బావకు దోస్తు. పిల్లలను జూసుడు గూడ బావకు దెల్సు" అన్నాడు. అన్నీ ఆయనకే తెలుసు మరి! అనిత టిఫిన్ డబ్బా ఇవ్వబోయింది గాని, మేడ్చల్‌లో తింటామని వద్దన్నాను. లక్ష్మణ్ ముందు సీట్లో నా పక్కనే కూర్చున్నాడు. కూర్చోగానే డాష్‌బోర్డు వైపు ఒకసారి చూశాడు. నేను ఫోన్‌ని స్టాండుకు తగిలించే నెపంతో ఆ అంకెకు అడ్డంగా పెట్టాను.

మీరు ఈ దారిలో వెళ్ళాలనుకుంటే ఏడు లోపల కొంపల్లి దాటండి, ఆ తర్వాత స్కూలు బస్సులు, కంపెనీ బస్సులు మొదలవుతాయి. ఏడుంబావుకు మేడ్చల్ చేరాం. బస్టాండు దగ్గర నిలబడి తినే బండి మీద ఇడ్లీ, మైసూర్ బోండా నలభై నలభై రూపాయలు, అల్లం చట్నీ మాత్రం అడిగితేనే వేస్తాడు. నేను గమనించిందేమిటంటే, మైసూర్ బోండా అమ్మేవాడికి కూడా లక్ష్మణ్ తెలుసు. "అన్నా, బండేది?" అని అడిగాడు. "ఇయ్యాల తమ్ముని బండ్ల తిరుగుతున్న, ఏసీ" అని లక్ష్మణ్ నవ్వాడు. అందులో వెటకారం ఎంత, ఉత్త మాట ఎంత అని తేల్చుకోలేక రెండో బోండా వదిలేశాను. ప్రవీణ్ ఒక ఇడ్లీతోనే చేతులు కడిగేసుకున్నాడు. "బావా, పిల్లలు నీళ్ళల్ల వడేదాంక నాకేం తినబుద్దైతలేదు" అన్నాడు.

హేచరీ మేడ్చల్ దాటాక ఎడమకు తిరిగి పొలాల మధ్యలో ఉంటుంది. చిన్న చిన్న సిమెంటు తొట్లలో వేలికణుపంత పిల్లలు, రవ్వ, బొచ్చె, బంగారు తీగ రకాలు. ఒక్కో పాలిథీన్ సంచిలో కాసిన్ని నీళ్ళు పోసి, పిల్లల్ని వదిలి, గొట్టంతో ఆక్సిజన్ నింపి రబ్బరుతో బిగిస్తారు. ఇరవై సంచులు. వాటి కింద, పైన తడి గోనెలు పరిచాం. హేచరీ ఆయన వెళ్ళేటప్పుడు ప్రవీణ్‌తో, "పన్నెండు లోపల నీళ్ళల్ల వడాలె. సంచి ఏడెక్కిందంటె ఇగ నేనేం జెప్పలేను" అన్నాడు. సంచులు సర్దడానికి జాగా చేస్తూ లక్ష్మణ్ వెనక సీటు కింద నుంచి నా నీలం బకెట్ బయటకు తీశాడు. మూత తీశాడు, వంగి చూశాడు, మళ్ళీ మూత పెట్టి పక్కన ఉంచాడు. కాసేపయ్యాక ఫోన్ పట్టుకుని తొట్ల అవతలికి నడిచాడు, ఐదు నిమిషాలు మాట్లాడాడు. వెళ్ళి కవిత వదినెకు చాడీలు చెబుతున్నాడు, రేపటికల్లా అత్తమ్మ దాకా పోతుందని నాలో నేను ఉడికిపోయాను.

తొమ్మిదిన్నరకు బయలుదేరాం. అంకె ముప్పై ఆరు. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు రెండు దార్లున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే టోలు కట్టాలి, త్వరగా పోతారు. లోపలి రోడ్డయితే చెట్లు, మక్క చేన్లు, కోళ్ళ ఫారాలు, వాన పడిన తెల్లారి మంచి వాసన. నేను లోపలి రోడ్డు పట్టాను, ఎందుకంటే అప్పటికే బండి బలం తగ్గించేసింది. ఎంత తొక్కినా నలభై దాటడం లేదు. "ఏంది తమ్మీ, గింత నిమ్మలంగ పోతున్నవ్?" అన్నాడు లక్ష్మణ్. "పిల్లలున్నయి గదన్నా, కుదుపుతె ఎట్ల?" అన్నాను. ఆయన బయటికి చూస్తూ కూర్చున్నాడు.

లెక్కలో నేను వేసుకోనిది ఒకటుంది. సగం దారిలో పైపులైను కోసం రోడ్డు తవ్వి, ఎర్రజెండా పాతారు. "అటు నుంచి తిరిగి పో అన్నా, తొమ్మిది కిలోమీటర్లే" అన్నాడు అక్కడ నిలబడ్డతను. తొమ్మిది కిలోమీటర్లే! నాకు చెమటలు పట్టాయి, ఏసీ పెంచాను. ప్రవీణ్ వెనక గోనెల మీద నీళ్ళు చల్లుతూ, ఒక్కో సంచినీ చేత్తో తాకి చూస్తున్నాడు. శామీర్‌పేట ఇంకో కిలోమీటరు ఉందనగా ఫోన్ వెనక అంకె సున్నా అయింది. బండి ఆగలేదు. సున్నా అయినా ఇంజను నడుస్తూనే ఉంటుంది, ఒకసారి ఆపితే మాత్రం మళ్ళీ స్టార్ట్ కాదు. ఆపకపోతే సరి, ఇంకెంత, ఏడు కిలోమీటర్లు. అంతదాకా దేవుడు చల్లగా చూస్తే చాలు.

అప్పుడు ప్రవీణ్, "బావా, సంచులు ఏడెక్కుతున్నయ్, ఐస్ గావాలె" అన్నాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది? పదీ నలభైకి శామీర్‌పేటలో ఐసు అమ్మే చోట ఆపాను. ఇంజను ఆపలేదు. దిమ్మ మోయడానికి ఇద్దరు కావాలి, లక్ష్మణ్, నేను దిగాం. "నువ్వు పిల్లల కాడ ఉండు" అని ప్రవీణ్‌కి చెప్పాను. తాళం ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు, పక్కనే లక్ష్మణ్ ఉన్నాడు. ఐసు పొట్టులో చుట్టించుకుని వెనక్కి తిరిగేసరికి నా బండి నిశ్శబ్దంగా ఉంది. "పొగ లోపలికొస్తాంది బావా, పిల్లలు సస్తయని బంద్ జేసిన" అన్నాడు ప్రవీణ్, మంచి పని చేసినవాడి మొహంతో. నేను తాళం తిప్పాను. టక్‌మని చప్పుడు కూడా లేదు. ఇంకోసారి తిప్పాను. డాష్‌బోర్డు మీద ఎర్రగా సున్నా, నా ఫోన్ పక్కకు జరిగి అందరికీ కనిపించేట్టు.

"ఏమైంది బావా?" అన్నాడు ప్రవీణ్. నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. "పంపుల కల్తీ మందు వోసిండ్రురా. మోసం జేసిండ్రు కొడుకులు" అన్నాను. ప్రవీణ్ గబగబా వెనక్కి వెళ్ళి ఒక సంచి ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. పిల్లలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. "పాయె బావా. పాయె" అన్నాడు, అంతే. ఐసు పగలగొట్టి గోనెల మీద పరవడం మొదలుపెట్టాడు. నేను ఆటోల వాళ్ళ దగ్గరికి పరుగెత్తబోయాను. లక్ష్మణ్ నా చేయి పట్టుకున్నాడు. "ఆగు తమ్మీ. బండొస్తాంది" అన్నాడు. ఏ బండి అని అడిగితే రోడ్డు వైపు చూశాడు. పది నిమిషాలు కూడా కాలేదు, తుంకుంట వైపు నుంచి ఆ గంజిరంగు బండి వచ్చి మా ముందు ఆగింది. పక్క సీట్లో నుంచి కవిత వదినె దిగింది. స్టీరింగ్ దగ్గర నుంచి దిగింది మా అనిత.

మా అనిత! నా బండి స్టీరింగ్ ఒక్కసారి పట్టుకుంటానంటే, గేరు పాడవుతుందని నేను పట్టనివ్వని అనిత. "నువ్వా? ఎప్పుడు నేర్చినవ్?" అన్నాను. "సంచులెక్కియ్యి ముందుగాల. తర్వాత అడుగు" అంది. ఆరు నెలల నుంచి అక్క దగ్గరికని వెళ్ళినప్పుడల్లా ఆ డొక్కు బండి మీద నేర్చుకుందట, లైసెన్సు కూడా తీసుకుందట. ఇరవై సంచులూ అందులోకి మార్చాం. అది ఒక్క తిప్పుకే స్టార్టయింది, నల్లటి పొగ వదులుతూ. ఆ పొగ పీలుస్తూ నేను నా బండికి తాళం వేసి వెనక గోనెల మధ్య కూర్చున్నాను. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా అనిత ఎంత మెల్లగా దింపేదో చూస్తుంటే, ఇదంతా లక్ష్మణ్ దగ్గర నేర్చుకుందే కదా అని పళ్ళు కొరుక్కున్నాను. చూశారా, ఆ టైములో కూడా నాకు వచ్చిన ఆలోచన అది.

పదకొండున్నరకు కుంట చేరాం. చేపపిల్లల్ని తేగానే నీళ్ళలో పోయకూడదు. సంచుల్ని మూతి కట్టి ఉండగానే కుంటలో తేలనివ్వాలి, లోపలి నీళ్ళు, బయటి నీళ్ళు ఒకే చల్లదనానికి వచ్చేదాకా. తర్వాత మూతి విప్పి, కొంచెం కొంచెంగా కుంట నీళ్ళు లోపలికి పోనిస్తే అవే ఈదుకుంటూ బయటికి వస్తాయి. ప్రవీణ్, లక్ష్మణ్ నడుంలోతు నీళ్ళలో దిగారు. ఏ సంచి విప్పాలన్నా ప్రవీణ్ "లక్ష్మణ్ బావా, జర గిది వట్టు" అంటున్నాడు. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. నేను కట్ట మీద ఖాళీ గోనెలు మడతపెడుతూ నిలబడ్డాను. పద్దెనిమిది సంచుల్లో పిల్లలు వెండి గీతల్లా చీలిపోయి వెళ్ళాయి. రెండు సంచుల్లోవి వెల్లకిలా తేలాయి. ప్రవీణ్ వాటిని దోసిట్లో తీసి, ఎక్కడ వేయాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "గా పంపోళ్ళను ఇడువొద్దు బావా. రేపు పోదాం, ఇద్దరం పోయి నిలదీద్దాం" అన్నాడు. నేను తలూపాను.

ప్రవీణ్‌ని కుంట దగ్గరే వదిలి శామీర్‌పేట వచ్చాం. చెరువు కట్ట కింద వేపుడు చేపలు దొరుకుతాయి. మీ ముందే కోసి, కారం పట్టించి, పెనం మీద కాల్చి ఇస్తారు. ప్లేటు నూటయాభై దాకా, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. తప్పకుండా తినండి. నేను మాత్రం నా ప్లేటు అనిత ముందుకు జరిపాను. మధ్యాహ్నం రెండున్నరకు లక్ష్మణ్ తన బండిలో నుంచి నైలాన్ తాడు తీశాడు. దాని ఒక కొస ఆ డొక్కు బండికి, ఇంకో కొస నా బండికి! ఈ పాట్లు పడ్డవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. ఇంజను లేకపోతే స్టీరింగ్ బండరాయిలా ఉంటుంది, బ్రేకు మీద నిలబడితే గాని పట్టదు. ముందు బండిలో అనిత, కవిత వదినె. వెనక చచ్చిన బండిలో నేను, నా పక్కన లక్ష్మణ్. ఔటర్ పక్కనున్న సర్వీసు రోడ్డు మీద గంటకు ఇరవై వేగంతో మేడ్చల్ వైపు బయలుదేరాం. గొర్రెల కాపరులు కూడా ఆగి చూశారు.

మూడు కిలోమీటర్లు పోయాం. చివరికి నేనే ఆగలేక, "పొద్దున్నే జూసినవా అన్నా ఆ నంబరు?" అన్నాను. "జూసిన" అన్నాడు. "బకెట్?" "గది గూడ జూసిన. యాపనూనె వాసన గుప్పున గొట్టింది. పొలాల యూరియాకు ఆ నూనె పూత ఉంటది తమ్మీ, నాకు దెల్వదా?" అన్నాడు. హేచరీలో ఫోన్ చేసింది అందుకట. బండి తీసుకుని శామీర్‌పేట దాకా వచ్చి ఉండమని కవిత వదినెకు చెప్పాడట, అప్పటికే అనిత అక్కడికి వెళ్ళి ఉందట. నాకు కోపం ముంచుకొచ్చింది. "మరి నాకెందుకు జెప్పలే? రెండు సంచులు సచ్చినయి గద!" అని అరిచాను. లక్ష్మణ్ తాడు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "జెప్తె ఇంటుంటివా? నీ కొత్త బండి జూసి నేను ఏడుస్తున్న అనుకుందువు." నేను సరిగ్గా అదే అనుకునేవాణ్ణి.

మేడ్చల్‌లో ఖాజా భాయ్ షెడ్డుకు చేరేసరికి నాలుగైంది. ఈ ద్రవం ట్యాంకులు, దాన్ని పొగలోకి చిమ్మే నాజిల్లు చూసే మెకానిక్ ఆయన. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "యా అల్లా! ఏం బోసిండ్రు ఇండ్ల? బండికి తలనూనె వెట్టిండ్రా?" అన్నాడు. ట్యాంకు విప్పి అడుగున చేరిన జిగురు చూపించాడు. నాజిల్ మొత్తం తెల్లటి రాయిలా గట్టిపడింది. సరైన ద్రవం పోసినంత మాత్రాన ఇది తగ్గదట, ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చి, నాజిల్ శుభ్రం చేసి, కంప్యూటర్ పెట్టి పాత తప్పు చెరిపేస్తే గాని ఆ సున్నా పోదట. మూడు రోజులన్నాడు. "ఎవల్ వోసిండ్రు?" అని మళ్ళీ అడిగాడు. అనిత నా వైపు చూస్తోంది. లక్ష్మణ్ గొంతు సవరించుకుని, "పంపుల కల్తీ అయ్యుంటది భాయ్" అన్నాడు. నా అబద్ధాన్ని నా కోసం ఆయన ఆడాడు. అది నేను భరించలేకపోయాను. మంచితనంలో కూడా నన్ను దాటిపోతాడా? "కల్తీ లేదు ఏం లేదు. నేనే కలిపిన. ప్రవీణ్‌గాని బస్తాల తీసి నేనే కలిపి వోసిన" అన్నాను. అనిత వెళ్ళి పాత బండిలో కూర్చుంది.

అక్కడి నుంచే ప్రవీణ్‌కి ఫోన్ చేశాను. పంపు దగ్గరికి వెళ్ళే పని లేదని, తప్పు నాదేనని, బస్తా సంగతితో సహా చెప్పాను. తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టలేదు. "పొద్దుగాల జెప్తె సరిపోతుండె గద బావా" అన్నాడు. ఆ తర్వాత, బతికిన పిల్లలు గట్టు దగ్గరికి వచ్చి తిరుగుతున్నాయని, వాటికి తవుడు వేస్తున్నానని చెప్పి పెట్టేశాడు. ఆరు గంటలకు పాత బండిలో వెనక సీట్లో కూర్చుని దూలపల్లి చేరాను. అనితే నడిపింది. ఎడమ తలుపు రెండుసార్లు వేశాను.

ఇదంతా అయి నెల దాటింది. బండి బాగైంది, ఇప్పుడు వారానికి రెండు రోజులు అనిత నడుపుతుంది, నాకంటే మెత్తగా నడుపుతుంది, దానికీ నాకు కుళ్ళే. కుళ్ళు తగ్గిందని మీకు అబద్ధం చెప్పను. లక్ష్మణ్ చెడ్డవాడైతే నాకు హాయిగా ఉండేది. మంచివాడని తెలిశాక ఎక్కువైంది. మొన్న ఆదివారం భోజనాల దగ్గర ఆయన నా బండి ఊసే ఎత్తలేదు, అత్తమ్మ కూడా ఎత్తలేదు, నేను బాధపడతానని అందరూ జాగ్రత్తగా పక్కనుంచి నడిచిపోయారు. అప్పుడు అర్థమైంది, ఆ ఇంట్లో అందరికీ నా కుళ్ళు ఎప్పట్నుంచో తెలుసు. నేనొక్కణ్ణే దాచాననుకున్నాను. వాళ్ళు దానికి తగ్గట్టు ఇంకో బండి సిద్ధం చేసుకుని తిరిగారు.

ఇంక మీకు పనికొచ్చే సంగతి. ఈ ద్రవం ట్యాంకున్న బండితో బయలుదేరేవాళ్ళు మూత బిగించి ఉన్న బకెట్ కొనండి, పొలాల యూరియా జోలికి పోకండి, దీపం వెలిగితే ముందు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. ఈలోపు పక్క సీట్లో కూర్చున్న మనిషికి, ఎవరైనా సరే, ఆ సంగతి చెప్పేయండి. పొద్దున చెబితే సరిపోయేదన్నాడు ప్రవీణ్. వాడికి తెలియదు, నాకు దొరికింది ఆ ఒక్క పొద్దున మాత్రమే కాదు. చెప్పడానికి నాకు వెయ్యి కిలోమీటర్లు దొరికాయి.